యాదగిరిగుట్ట: ఒక పిల్ల ఏడుపు వినబడిన రోజు

ఆడపిల్లల అక్రమ రవాణా మీద గొడవ లేచినప్పుడల్లా యాదగిరిగుట్ట పేరు తిరగదోడటం మామూలైపోయింది. పోలీసు దాడులు పెంచాలని కొందరంటారు, ఊళ్లో కమిటీలుంటేనే లాభమని కొందరు. ఒక కులాన్నంతా దోషిగా నిలబెడుతున్నారన్నది మూడో మాట. చిన్నపిల్లల్ని కొని వ్యభిచారానికి పెంచే ఈ వ్యాపారం అక్కడ ఎప్పుడు, ఎలా మొదలైందో చాలామంది రాశారు, మళ్లీ చెప్పను. నా లెక్కలో అసలు మలుపు 2018 జులై ఆఖరున వచ్చింది.

ఒక ఇంట్లో ఒకావిడ చిన్నపిల్లను కొడుతోందని స్థానికులొకరు అధికారుల చెవిన వేశారు. కేసు మొదలైంది అక్కడే. రాచకొండ పోలీసులు వెళ్లి ఆరా తీశాక ఆ పిల్ల ఆవిడ కన్నబిడ్డ కాదని, కొని తెచ్చుకున్నదని చెప్పారు. చుట్టుపక్కల ఇళ్లూ వెతికారు. మొదటి విడతలోనే 11 మంది ఆడపిల్లలు బయటపడ్డారు, వాళ్లలో ఏడేళ్ల పిల్లలున్నారు. ఆ తర్వాత ఇంకొందరు దొరికారు.

దానికి ఏడాది ముందు సంగతి చూడండి. 2017లో అమెరికా విదేశాంగ శాఖ అప్పటి రాచకొండ కమిషనర్ మహేశ్ భగవత్‌కు మానవ అక్రమ రవాణా మీద చేసిన పనికి గుర్తింపునిచ్చింది. ఏడాదిలోపు మూయించిన 25 వ్యభిచార గృహాల్లో 20 యాదగిరిగుట్టవేనని అందులో రాసింది. 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం కింద మూయించడం చిన్న పనేమీ కాదు, ఆయన్ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు కూడా. కానీ ఇరవై ఇళ్లు మూతపడిన ఊళ్లోనే మరుసటి ఏడాది ఇంతమంది పిల్లలు దొరికారు. తాళం వేసేవాళ్లకు కనబడని పిల్ల పక్కింటివాళ్లకు వినబడింది.

పక్కిల్లంటే ఒక్క ఇల్లే అనుకోనక్కర్లేదు. అంగన్‌వాడీ టీచరు ఇంటింటికీ తిరిగి గర్భిణులెవరో, ఆరేళ్లలోపు పిల్లలెందరో రిజిస్టర్‌లో రాస్తారు. గర్భిణుల పేర్లలో ఏనాడూ లేని ఇంట్లో ఉన్నట్టుండి నాలుగేళ్ల పాప కనబడితే ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు అనుమానం రావాలి. అద్దెకిచ్చిన ఓనరుంటాడు, బడిలో పేరు రాసుకునే హెడ్‌మాస్టరుంటాడు. డాక్టరు సంగతి మరీ ఘోరం. పిల్లలు వయసుకు మించి పెద్దగా కనబడాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని పోలీసులు ఆరోపించారు, ఆ కేసులో స్థానిక వైద్యుడొకరిని అరెస్టు చేశారు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరుగుతోందని తెలిసినవారు ఎవరైనా చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఇక కమిటీలు. సమీకృత బాలల రక్షణ పథకం వచ్చినప్పటి నుంచీ గ్రామ స్థాయిలో బాలల రక్షణ కమిటీ ఉండాలి. ఆ పథకంలో రాసిన ప్రకారం సర్పంచ్ అధ్యక్షత, అంగన్‌వాడీ, ఏఎన్ఎం, టీచర్లతోపాటు ఇద్దరు పిల్లలు కూడా సభ్యులు. ఆలోచన మంచిదే. ఒక పంచాయతీలో అడిగితే నాకు ఆ రిజిస్టర్ చూపించారు. ఐదు సమావేశాల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకేసారి కూర్చుని పెట్టినట్టున్నాయి. పిల్లల సంతకాలు లేనేలేవు.

యాదగిరిగుట్టలో పోలీసులు వెతికిన ఆ వీధుల ఆడవాళ్ల మాటా చెప్పాలి. మా కన్నపిల్లల్ని కూడా పట్టుకెళ్లారని కొందరు తల్లులు మొత్తుకున్నారు, డీఎన్ఏ పరీక్షల దాకా వెళ్లింది. వాళ్ల ఫిర్యాదును పూర్తిగా కొట్టిపారేయలేం. సెక్స్ వర్కర్ దగ్గర పిల్ల కనబడినంత మాత్రాన అక్రమ రవాణా అనుకోకూడదని, నా బిడ్డే అని ఆమె అంటే పరీక్ష చేయించవచ్చని, నిజమైతే బలవంతంగా విడదీయకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పొరుగువారి అనుమానం దగ్గరే ఆగితే చాలదు, ఆ తర్వాత పరీక్ష సరిగా జరగాలి. చెప్పడమే మానేస్తే మాత్రం పరీక్షదాకా ఏదీ రాదు.

చెప్పడానికున్న నంబరు 1098. ఏళ్ల తరబడి స్వచ్ఛంద సంస్థలు నడిపిన ఆ హెల్ప్‌లైన్‌ను 2023 నుంచి పోలీసులకూ వెళ్లే అత్యవసర నంబరు 112తో కలిపి రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగిస్తూ వచ్చారు. ఫోన్ చేస్తే పోలీసులకు పేరు తెలిసిపోతుందేమోనన్న జంకు ఇప్పుడు ఇంకా ఎక్కువ. దాడికొచ్చినవాళ్లు సాయంత్రానికి జీపెక్కి వెళ్లిపోతారు. కబురు చెప్పినావిడ మర్నాడు పొద్దున్నే అదే కుళాయి దగ్గర, ఆ ఇంటివాళ్ల పక్కనే బిందె పట్టుకుని నిలబడాలి.