ఊపిరితిత్తుల్లో దొండ పందిరి

ఏలూరు వైపు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్లమ్మగారికి 63 ఏళ్లు. చుట్టా బీడీ ఎరగరు, కానీ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదారు. డాక్టరు సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి ఆడక ఆయాసం తెచ్చే దీర్ఘకాలపు జబ్బు) అన్నారు. రెండుసార్లు మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్లి చేప మందు కూడా వేయించారు. ఇప్పుడెవరో రక్తనాళాల్ని బాగుచేసే కణాలు ఎక్కిస్తారని, కొన్ని లక్షలవుతుందని చెప్పారట. "అరెకరం అమ్మైనా చేయిద్దామనుకుంటున్నాం, ఏమంటారు?" అని అడిగారు.

చేప సంగతి ముందు తేల్చేస్తాను. మింగిన కొర్రమీను పిల్ల అన్నవాహికలోంచి కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తుల గడప కూడా తొక్కదు. కణాల సంగతి అలా తీసిపారేయలేం. దాని వెనక అసలైన సైన్సే ఉంది.

బడిలో వాయుగోణులు, అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు, అనగానే ద్రాక్షగుత్తి బొమ్మ వేయించి, చుట్టూ ఎర్ర గీతా నీలం గీతా గీయిస్తాం. నేనూ ఏళ్ల తరబడి అదే గీయించాను. ఆ బొమ్మ చూసిన పిల్లలకి పండు వేరు, చుట్టిన దారం వేరు అనిపిస్తుంది. దారం తెగినా పండుకేం కాదనిపిస్తుంది. నిజానికి మన ఊపిరితిత్తుల్లో 30 నుంచి 50 కోట్ల గాలి గదులుంటే, గదికీ గదికీ మధ్య గోడలో ఎక్కువ భాగం రక్తకేశనాళికలే. గాలికీ రక్తానికీ మధ్య అడ్డు మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. ఎర్రకణం ఆ గోడలో గడిపేది ముప్పావు సెకను, అంతే.

నాకైతే ద్రాక్షగుత్తి కంటే పెరట్లో పాత దొండ పందిరి నయమనిపిస్తుంది. నాలుగేళ్లకి కర్రలు చెదలు పట్టి, కట్టిన తాళ్లు పుచ్చిపోతాయి. అయినా పందిరి నిలబడే ఉంటుంది. పందిరి తీగని మోస్తోందో, తీగే పందిరిని పట్టుకుని ఉందో చెప్పలేం. తెలియాలంటే తీగని మొదట్లో కోసి చూడాలి.

సీఓపీడీలో ఒక రూపమైన ఎంఫిసీమాలో గాలి గదుల గోడలు చిరిగి, చిన్న గదులన్నీ కలిసి పెద్ద ఖాళీలైపోతాయి. గాలి గది గోడ పందిరి, అందులోని రక్తనాళాలు తీగ అనుకుంటే, పొగ వల్ల ఊరే ఎంజైములు కర్రల్ని కొరికేస్తాయి, పందిరి కూలి తీగ ఎండుతుంది అనేది మామూలు వివరణ. అది తప్పేం కాదు. కానీ 1959లోనే ఆవెరిల్ లీబో అనే పాథాలజిస్టు, ఈ గోడల్లో రక్తనాళాలు దాదాపు కనబడకపోవడం చూసి, ముందు ఎండింది తీగేనేమో అన్నాడు. 2000లో అమెరికాలోని కొలరాడోలో కసహారా, ట్యూడర్, వోల్కెల్ బృందం ఆ తీగని కోసి చూసింది. ఎలుకలకి పొగ పెట్టలేదు. రక్తనాళాల కణాల్ని బతికించి ఉంచే వీఈజీఎఫ్ అనే సంకేతం అందకుండా, దాన్ని అందుకునే గ్రాహకాల్ని ఒక మందుతో మూసేశారు. కొద్ది వారాల్లో గోడలు మాయమై ఎంఫిసీమా వచ్చింది. కణాల ఆత్మహత్యని ఆపే ఇంకో మందు కలిపి ఇస్తే గోడలు నిలిచాయి. ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మరి ఎండిన చోట తీగ మళ్లీ ఎలా వస్తుంది? పక్క తీగ సాగి అల్లుకోవచ్చు. పెద్దవాళ్లలో ఇదొక్కటే దారి అని చాలాకాలం నమ్మారు. 1997లో బోస్టన్‌లో అసహారా బృందం రెండో దారి ఉందంది. మూలుగలో పుట్టిన కణాలు రక్తంలో కొట్టుకొచ్చి, ఖాళీ చోట నాటుకుని కొత్త నాళమవుతాయని. దొండని విత్తనంతో కాదు, తీగ ముక్కతో నాటుతాం కదా, అలా కాలవ నీళ్లలో తీగ ముక్కలు కొట్టుకొస్తున్నాయన్నమాట! ఇక వాటిని లెక్కపెట్టే హడావిడి మొదలైంది. సిగరెట్ తాగేవాళ్లలో అవి తక్కువని, మానేస్తే వారాల్లో పెరుగుతాయని, మళ్లీ మొదలుపెడితే పడిపోతాయని 2004లో జపాన్ పరిశోధకులు చూపించారు.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. అమెరికాలోని ఇండియానాలో ఇంగ్రామ్, యోడర్ జాగ్రత్తగా విడదీసి చూస్తే, తీగ ముక్కలనుకున్న వాటిలో చాలావరకు తెల్లరక్తకణాల చుట్టాలే. అవి నాళం కావు. వీఈజీఎఫ్ లాంటివి విడుదల చేసి, ఉన్న తీగ ఎదగడానికి సాయపడతాయి. అంటే ఎరువు. నిజంగా నాటుకునే ముక్కలు (ఈసీఎఫ్‌సీలంటారు) పెద్దవాళ్ల రక్తంలో బహు అరుదు, బొడ్డుతాడు రక్తంలో ఎక్కువ. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2013లో పొగతాగేవాళ్లవీ, సీఓపీడీ రోగులవీ ఈసీఎఫ్‌సీలు పెంచి చూస్తే అవి ముందే ముసలివైపోయాయి. డీఎన్ఏకి దెబ్బలు ఎక్కువ, కణం ముసలిదైందని చెప్పే పీ16 ఎక్కువ, కణాన్ని వయసు నుంచి కాపాడే సర్ట్1 తక్కువ. ముక్క ఉంది గానీ కణుపు చచ్చిపోయింది.

2020లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన మాట ఇంకా బాగుంది. ఊపిరితిత్తుల కేశనాళికల్లో రెండు రకాల కణాలున్నాయట. ఒకటి పల్చగా చిల్లుల జల్లెడలా పరుచుకుని గాలి మార్పిడి చూసుకుంటుంది. దానికి ఏరోసైట్ అని పేరు పెట్టారు. రెండోది మామూలు కణం, అది చీలి రెండు రకాల్నీ పుట్టిస్తుంది. కాలవలో కొట్టుకొచ్చే ముక్క కోసం వెతుకుతుంటే, మొలిచే కణుపు తీగ మీదే ఉంది!

అమ్మా, ఇక మీ ప్రశ్న. నరంలోంచి ఎక్కించిన కణాలు ముందు చేరేది ఊపిరితిత్తులకే, ఆ మాట నిజం. కానీ చేరడం వేరు, నాటుకోవడం వేరు. 2014లో కెనడాలో ఎలుక పిల్లలకి బొడ్డుతాడు ఈసీఎఫ్‌సీలు ఇస్తే గాలి గదులు మెరుగయ్యాయి గానీ, నాటుకున్నవి చాలా తక్కువ. అక్కడా ఎరువు పనే. సీఓపీడీకి ఇలా కణాలు ఎక్కించే మూలకణ చికిత్స ఇంకా పరిశోధనే అని, దాన్ని మామూలు వైద్యంగా అమ్మకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి అరెకరం అమ్మొద్దు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు సరిగ్గా పీలుస్తున్నారో లేదో ఒకసారి ఆయన ఎదుటే చేయించి చూడండి. గ్యాస్ పొయ్యి వచ్చి ఏడేళ్లయిందని రాశారు, సంతోషం. మరి స్నానాల నీళ్లు? అవి ఇంకా పెరట్లో కట్టెల మీదే కాగుతున్నాయా? ఆ సంగతి ఉత్తరంలో లేదు.