బిడ్డ చూపు మెరుగవుతోందా? కంటి చికిత్స కొలతలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లల కంటి పరీక్షలు, కంటి వ్యాయామాలు నా వృత్తి. శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చే తల్లిదండ్రులు కుర్చీలో కూర్చోకముందే "మా పిల్లోడికి ఏమన్నా తేడా వచ్చిందా మేడం?" అని అడుగుతారు. ఒక రోజు కూలి వదులుకొని వచ్చినవారికి ఆ ప్రశ్నకు సూటి జవాబు దక్కాలి. అయితే ఆ జవాబును దేన్ని చూసి చెప్పాలన్న దగ్గరే అపోహలు పేరుకుపోయాయి. సోమరి కన్ను, దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ సరిగా కలవకపోవడం అనే రెండు సమస్యల వరకే ఇక్కడ చెబుతున్నాను. సోమరి కన్ను అంటే మెదడు సరిగా వాడుకోక ఒక కంటి చూపు వెనుకబడటం; ఆ కంటికి పని పెట్టడానికి మంచి కంటిని రోజూ కొన్ని గంటలు ప్యాచ్‌తో మూస్తాం.

అపోహ: కిందటిసారి కంటే చార్టులో ఒక వరుస ఎక్కువ చదివితే మెరుగైనట్టు, తక్కువ చదివితే చెడినట్టు.

వాస్తవం: చూపు కొలవడానికి మేము వాడే లాగ్‌మార్ అనే అక్షరాల చార్టులో వరుసకు 5 అక్షరాలు ఉంటాయి, అక్షరానికి 0.02, వరుసకు 0.1 చొప్పున లెక్క వేస్తాం. ఏ మార్పూ లేని కంటినే రెండు వేర్వేరు రోజుల్లో పరీక్షించినా పిల్లల్లో దాదాపు ఒక వరుస తేడా రావడం మామూలు విషయం. తెల్లవారుజామున బయలుదేరి, ఏమీ తినకుండా, బస్సులో నిద్రపోతూ వచ్చిన ఆరేళ్ల బిడ్డ రెండు అక్షరాలు తప్పు చెబితే ఆ తప్పు కంటిది కాకపోవచ్చు. దీనికి ఎదురు పొరపాటూ జరుగుతుంది: పిల్లలు మంచి కంటిని మూసిన వేళ్ల సందుల్లోంచి చూస్తారు, పాత చార్టును కంఠస్థం చేస్తారు, ఒక్కోసారి వెనుక నిలబడ్డ అక్క ముందే అక్షరం అందిస్తుంది. అందుకే మంచి కంటిని అంటుకునే ప్యాచ్‌తో పూర్తిగా మూసి, అక్షరాలు మార్చి, అదే దూరంలో, అదే వెలుతురులో, అవే కళ్లద్దాలతో కొలవాలి. వరుసగా రెండు పరీక్షల్లో మార్పు ఒకే దిశలో కనిపించినప్పుడే నేను దాన్ని మార్పుగా రాసుకుంటాను. ప్యాచ్ వేసే మంచి కంటి చూపును కూడా ప్రతిసారీ కొలిచి రాయించుకోండి, ఎందుకంటే మూత వల్ల అరుదుగా ఆ కంటి చూపు తగ్గవచ్చు, అది వెంటనే తెలియాలి.

అపోహ: మేలు చేసేది ప్యాచే, కళ్లద్దాలు వట్టి తోడు.

వాస్తవం: రెండు కళ్ల పవర్‌లో తేడా వల్ల సోమరి కన్ను వచ్చిన, 3 నుంచి 7 ఏళ్లలోపు 84 మంది పిల్లలకు కేవలం కళ్లద్దాలే ఇచ్చి గమనించిన అమెరికా అధ్యయనం 2006లో వెలువడింది. వారిలో 77 శాతం మందికి రెండు లేదా అంతకు మించిన వరుసలు పెరిగాయి. 27 శాతం మందికి సమస్య పూర్తిగా పోయింది. కాబట్టి అద్దాలు పెట్టిన తేదీని విడిగా, ప్యాచ్ మొదలుపెట్టిన తేదీని విడిగా రాసుకోకపోతే ఏది ఎంత పని చేసిందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: ప్యాచ్ ఎక్కువ గంటలు వేస్తే అంత త్వరగా నయమవుతుంది.

వాస్తవం: మధ్యస్థ స్థాయి సోమరి కన్ను ఉన్న, 7 ఏళ్లలోపు పిల్లల్లో రోజుకు 2 గంటలు, 6 గంటల ప్యాచ్‌ను పోల్చిన అధ్యయనం 2003లో వచ్చింది, 4 నెలల తర్వాత రెండు జట్లూ దాదాపు సమానంగానే మెరుగయ్యాయి. ప్యాచ్ నిజంగా ఎంతసేపు కంటి మీద ఉందో యంత్రంతో నమోదు చేసిన బ్రిటన్ పరిశోధకులు ఒక వరుస మెరుగుదలకు సగటున సుమారు 120 గంటలు పట్టిందని లెక్క తేల్చారు. రోజుకు రెండు గంటల చొప్పున అది రెండు నెలలు. నెల తిరగకముందే "ఏమీ మారలేదే" అని దిగులుపడే తల్లులకు నేను ఈ లెక్కే వేసి చూపిస్తాను.

ఇక్కడ లెక్కకు వచ్చేవి నేను చీటీలో రాసిన గంటలు కావు, బిడ్డ కంటి మీద గడిచిన గంటలు. మే నెల తిరుపతి ఎండలో చెమటకు ప్యాచ్ అంచులు లేచిపోతాయి, గంగమ్మ జాతర వారంలో వేషం వేసుకున్న పిల్లవాడు దాన్ని ఒప్పుకోడు. ఆ రోజుల ఎదుట నోటుపుస్తకంలో సున్నా రాయమంటాను, ఆ సున్నాను చూసి ఎవరినీ కోప్పడను. సున్నాలు దాచిన పుస్తకం చూస్తే చికిత్సే పని చేయడం లేదని నేను పొరపడి, అక్కర్లేని మార్పులు చేసే ప్రమాదం ఉంది. వేసవిలో సాయంత్రం ఫ్యాను కింద, బొమ్మలు గీసే వేళ ప్యాచ్ వేస్తే ఎక్కువసేపు నిలుస్తుంది.

అపోహ: 7 ఏళ్లు దాటితే కొలవడానికి ఇక ఏమీ ఉండదు.

వాస్తవం: 2005లో వెలువడిన అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో అద్దాలకు ప్యాచ్, మంచి కంటి చూపును మసకబరిచే అట్రోపిన్ చుక్కలు తోడైనప్పుడు 53 శాతం మందికి, అద్దాలు మాత్రమే ఇచ్చినప్పుడు 25 శాతం మందికి రెండు వరుసలు లేదా అంతకు మించి చూపు పెరిగింది. ఆలస్యమైందని పరీక్షే మానుకోవడం తగదు.

అపోహ: వ్యాయామాలు పని చేస్తున్నాయో లేదో మార్కులే చెబుతాయి.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దీని భారమంతా బిడ్డ మీద పడుతుంది. దగ్గరి వస్తువు మీద కళ్లు కలవని సమస్యకు మేము చూసే కొలతలు వేరు: పెన్సిల్ మొనను ముక్కు వైపు తెస్తుంటే ఎన్ని సెంటీమీటర్ల వద్ద అది రెండుగా విడిపోతుంది, కాంతిని వంచే ప్రిజం గాజును కంటి ముందు పెట్టి, దాని పవర్ ఎంత వరకు పెంచినా బిడ్డ ఎదుటి బొమ్మను ఒక్కటిగానే చూడగలుగుతున్నాడు అన్నవి. 9 నుంచి 17 ఏళ్ల 221 మందిపై జరిగి 2008లో వెలువడిన అమెరికా పరిశోధనలో, క్లినిక్‌లో 12 వారాలు వ్యాయామాలు చేసినవారిలో 73 శాతం మంది మెరుగయ్యారు; ఇంట్లో పెన్సిల్ వ్యాయామం మాత్రమే చేసినవారిలో 43 శాతం మంది; పోలిక కోసం ఉత్తుత్తి వ్యాయామాలు చేసినవారిలో 35 శాతం మంది. ఆ చివరి అంకెను తల్లిదండ్రులు మనసులో ఉంచుకోవాలి: "తలనొప్పి తగ్గింది" అన్న మాట ఒక్కటే రుజువు కాదు. 2019లో వచ్చిన మరో పెద్ద పరిశోధనలో కళ్లు కలిసే కొలతలు అసలు వ్యాయామాలతోనే బాగా పెరిగాయి, కానీ చదివినదాన్ని అర్థం చేసుకునే శక్తిలో ఉత్తుత్తి వ్యాయామాల కంటే అదనపు మేలు కనబడలేదు. చదువులో వెనుకబాటుకు, డిస్లెక్సియాకు (అక్షరాలు, పదాలు చదవడంలో ఉండే ఇబ్బందికి) కంటి వ్యాయామాలు మందు అని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. ఆ బిడ్డకు చదువు నేర్పే ప్రత్యేక శిక్షణ అందించాలి.

అపోహ: అనుకున్న వరుస చేరితే పని ముగిసినట్టే.

వాస్తవం: చికిత్స ఆపిన తర్వాత ఏడాదిలోపు సుమారు నాలుగో వంతు పిల్లల్లో సోమరి కన్ను కొంత తిరిగి వచ్చినట్టు 2004 నాటి అధ్యయనం చూపింది. రోజుకు 6 నుంచి 8 గంటలు వేస్తూ ఒక్కసారిగా ఆపేసినవారిలో ఇది 42 శాతం. ముందు 2 గంటలకు తగ్గించి ఆపినవారిలో 14 శాతం. ఆ అధ్యయనంలో ఇలాంటి పిల్లల సంఖ్య తక్కువే అయినా, నేను ఎక్కువ గంటల ప్యాచ్‌ను మెల్లగా తగ్గించాకే ఆపుతాను. ఆపిన తేదీ తర్వాత కూడా ఏడాది పాటు ఆ బిడ్డను పిలిపించి, అవే అద్దాలతో, అదే దూరంలో రెండు కళ్లనూ కొలుస్తాను.