మహిళల ఫుట్‌బాల్ నేషనల్స్: కోచ్‌గా నేను తరచూ వినే అపోహలు

రాష్ట్ర జట్టు నేషనల్స్‌కి బయల్దేరుతోందంటే చాలు, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ నాకు నాలుగు మాటలు చెప్పి పోతారు. వాటిలో కొన్నింటికి ఇక్కడే జవాబు చెప్పేస్తాను.

అపోహ: అమ్మాయిల మ్యాచ్ కదా, టైమ్ తక్కువ, బంతి చిన్నది.
కాదండీ. అదే 90 నిమిషాలు, అదే 5వ సైజు బంతి, గోల్ వెడల్పు అదే 7.32 మీటర్లు.

అపోహ: మణిపూర్ వాళ్లకి ఫుట్‌బాల్ రక్తంలోనే ఉంది, మనవాళ్లకి రాదు.
ఇప్పుడు రాజమాత జీజాబాయి ట్రోఫీ అంటున్న ఈ సీనియర్ జాతీయ ఛాంపియన్‌షిప్‌ను మణిపూర్ 20 సార్లకు పైగా గెలిచింది, నిజమే. కానీ 2017-18 ఫైనల్లో అదే మణిపూర్‌ని తమిళనాడు ఓడించింది. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. రక్తానిది కాదు, తేడా మ్యాచ్‌లది. అక్కడ ఊరూరా క్లబ్బులున్నాయి, ఆడపిల్లలు చిన్నప్పటి నుంచీ మ్యాచ్‌లు ఆడుతూ పెరుగుతారు. మన దగ్గర చాలామంది ఒకరినొకరు సరిగ్గా చూసేదే సెలక్షన్ క్యాంపులో. ఆఫ్‌సైడ్ ట్రాప్ కోసం, అంటే ఎదుటి ఫార్వర్డ్‌ని తమ వెనక వదిలేసి ఆఫ్‌సైడ్‌లో పట్టించడానికి, ముగ్గురు డిఫెండర్లు ముందుకు అడుగేస్తారు, నాలుగో అమ్మాయి వెనకే ఉండిపోతుంది, ఇక ఆఫ్‌సైడ్ పడదు. ఆ ఒక్క అడుగు చాలు, గోల్ పడిపోతుంది. స్టాండ్స్‌లో కూర్చుని చూసేవాళ్లకి అది చేతకానితనంలా కనిపిస్తుంది. కలిసి ఆడిన మ్యాచ్‌లు లేకపోతే ఎవరికైనా అంతే.

అపోహ: నేషనల్స్ అంటే రాష్ట్రాల పోటీయే.
రైల్వే ఉద్యోగినుల జట్టు రైల్వేస్ కూడా ఆడుతుంది, దాన్ని మర్చిపోకండి. 2015-16లో ట్రోఫీ వాళ్లదే. రైల్వేలో ఉద్యోగం వస్తే మన అమ్మాయి మన మీదే ఆడొచ్చు. నాకు బాధే, కానీ ఆ జీతం మేం ఇవ్వలేం కదా!

అపోహ: ఫుట్‌బాల్ ఆడితే ఆడపిల్లల మోకాళ్లు పాడవుతాయి.
ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) గాయాల ముప్పు మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఎక్కువే, దాచను. అలాగని ఆట మాన్పించక్కర్లేదు. ఎగిరి కిందకి దిగేటప్పుడు అమ్మాయి మోకాళ్లు చూడండి. లోపలికి వాలుతుంటే అక్కడే దిద్దాలి. గాయాలు తగ్గించడానికి ఫిఫా రూపొందించిన 11+ వార్మప్‌కి పట్టేది 20 నిమిషాలే, వారానికి రెండుసార్లయినా తప్పకుండా చేయించాలి. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టించి వార్మప్ అయిపోయిందనే కోచ్‌లంటే నాకు ఒళ్లు మంట.

అపోహ: పీరియడ్స్‌లో ఆడకూడదు.
ఆడాలో వద్దో ఆ అమ్మాయే చెప్పాలి. జట్టు పెద్దలు చేయాల్సింది ఒకటుంది: కిట్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు తెల్ల షార్ట్స్ వద్దనండి, మరక భయం ఉండదు. 2023 ప్రపంచకప్‌కి ఇంగ్లండ్ మహిళల జట్టు కూడా తెల్ల షార్ట్స్ మానేసి నీలం వేసుకుంది.