క్యాజువాలిటీలో మొదటి చూపు నర్సుదే, మరి నిర్ణయం?

హైదరాబాద్‌లో ఏ పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లినా, స్ట్రెచర్ లోపలికి రాగానే పేషెంట్ మీద మొదట చెయ్యి వేసేది సిస్టరే. బీపీ చూసేది, వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించేది, ఐవీ లైన్ పెట్టేది, ‘నొప్పి ఎప్పట్నుంచి? షుగరుందా? ఏం మందులు వాడుతున్నారు?’ అని అడిగేది ఆమే. డాక్టరు ఇంకో బెడ్ దగ్గర ఉన్నప్పుడు ఎవర్ని ముందు చూడాలన్నది కూడా చాలావరకు ఆమె అంచనా మీదే నడుస్తుంది. ఇంత బరువు మోస్తున్న పనికి మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రత్యేకంగా ఒక పోస్టు గానీ, కాగితం మీద రాసిచ్చిన అధికారం గానీ దాదాపుగా కనిపించవు. ఈ పరిస్థితి ఈ మధ్య వచ్చింది కాదు. మన క్యాజువాలిటీలు పుట్టిన తీరులోనే ఉంది.

నగరంలో పెద్దాస్పత్రి కథ మొదటి సాలార్ జంగ్ కాలంలో, 1866లో మొదలైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రితో ముడిపడి ఉంది. ప్రపంచ వైద్య చరిత్రలో దానికి చోటు దక్కింది క్లోరోఫాం అనే మత్తుమందు వల్ల. 1888, 1889లలో సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో జరిగిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. మత్తులో ఉన్న మనిషికి ముందు ఆగేది శ్వాసే, కాబట్టి నాడి కంటే ఊపిరి మీద కన్నుంచాలి అన్నది లారీ వాదం. ఆ రోజుల్లోనే ఇక్కడ మత్తు ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీని తొలి మహిళా ఎనస్థీషియా వైద్యుల్లో ఒకరిగా చెప్పుకుంటాం. క్లోరోఫాం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపేస్తుందని తర్వాత తేలింది, లారీ సిద్ధాంతం నిలబడలేదు. కానీ ఊపిరి లెక్కపెట్టమన్న మాట మాత్రం నేటికీ ఎమర్జెన్సీ నర్సులందరికీ పాఠమే. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఉండాల్సిన శ్వాస 25 దాటిందంటే, బీపీ బాగానే ఉన్నా ఆ పేషెంట్‌ని వదలకూడదు. రద్దీలో చాలాచోట్ల కేస్‌షీట్‌లో లెక్కపెట్టకుండా రాసేసేది కూడా ఈ అంకెనే. అందుకే ఈ ఊళ్లో పుట్టిన ఆ పాత చర్చని నేను పదేపదే గుర్తు చేస్తుంటాను.

1908 సెప్టెంబర్ 28 మూసీ వరద ఆ ఆస్పత్రిని దెబ్బతీసింది. ఆవరణలోని చింతచెట్టు పట్టుకుని సుమారు నూట యాభై మంది బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత విన్సెంట్ ఎష్ డిజైన్‌తో ఉస్మానియా భవనం లేచింది. అటు సికింద్రాబాద్‌లో 1851లో మూడు వార్డులతో మొదలైన ఆస్పత్రి, కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్‌గా మారి, 1958లో గాంధీ ఆస్పత్రి అయింది, 2003లో ముషీరాబాద్ పాత జైలు స్థలానికి వచ్చింది.

భవనాలు ఇలా పెరిగాయి గానీ, నర్సు చదువు మాత్రం వార్డు చుట్టూనే తిరిగింది. మద్రాసులో 1871లో నర్సింగ్ శిక్షణ మొదలైనప్పుడు అది ప్రధానంగా కాన్పుల కోసం. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చాక సిలబస్, రిజిస్ట్రేషన్ ఒక దారిలో పడ్డాయి. కానీ ఉద్యోగంలో చేరాక నర్సు ఏ పనిలో ఆరితేరిందన్నది ఎవరూ చూడలేదు. ఇవాళ మెటర్నిటీ, వచ్చే నెల ఆర్థో, ఆపై క్యాజువాలిటీ. ఏళ్ల తరబడి అనుభవంతో కన్ను పదునెక్కిన సిస్టర్‌ని రొటేషన్ పేరుతో ఇంకో వార్డుకి పంపేస్తారు. ఆమె నేర్చుకున్నదంతా ఆమెతోనే వెళ్లిపోతుంది.

క్యాజువాలిటీ కూడా ఒక వైద్య విభాగంగా పుట్టలేదు. యాక్సిడెంట్, కొట్లాట, విషం తాగిన కేసులకు రికార్డు రాసే చోటుగా అది ఎదిగింది. మొదట ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు విచారణ అవసరమయ్యే కేసు) రాయడం, పోలీసు ఇంటిమేషన్, ఆ తర్వాతే మిగతావి. ఈ వరస ఎంత ప్రాణాంతకమో 1989లో సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. స్కూటర్ మీద వెళ్తూ కారు ఢీకొన్న మనిషిని దగ్గర్లోని ఆస్పత్రి చేర్చుకోలేదు, మెడికో లీగల్ కేసులు చూసే ఇంకో ఆస్పత్రికి వెళ్లమంది. అది సుమారు 20 కిలోమీటర్ల దూరం. ఆయన దారిలోనే చనిపోయారు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత అని కోర్టు స్పష్టం చేసింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఇంకో మలుపు. అంతకుముందు ఆటోలో, జీపులో ఎలా దొరికితే అలా వచ్చిన పేషెంట్, ఇప్పుడు ఆక్సిజన్ పెట్టుకుని, వెంట టెక్నీషియన్‌తో వస్తున్నాడు. దారిలో ఏం జరిగింది, ఏం ఇచ్చారు అన్నది గుమ్మం దగ్గర విని అందుకోవాల్సింది నర్సు. ఆ రెండు నిమిషాల మాట సరిగ్గా సాగకపోతే ఒకే మందు రెండుసార్లు పడొచ్చు, అసలు పడకపోనూ వచ్చు. ఆ తర్వాత రెండేళ్లకే, 2007 ఆగస్టు 25న లుంబినీ పార్క్, గోకుల్ చాట్ పేలుళ్లు 42 మందిని బలి తీసుకున్నాయి. క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చిపడే అలాంటి రాత్రి, ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అని విడదీసే పద్ధతి లేకపోతే ఎంతమంది డాక్టర్లున్నా చాలరు.

ఆ పద్ధతే ట్రయాజ్. నెపోలియన్ సైన్యంలో సర్జన్ డొమినిక్ లారే దీనికి బాట వేశారు. 1990లలో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పద్ధతి, ఆ దశాబ్దం చివర్లో అమెరికాలో ఐదు స్థాయిల ఈఎస్ఐ (ఎమర్జెన్సీ సివియరిటీ ఇండెక్స్) వచ్చాయి. వీటిని నర్సు చేతిలో పెట్టడానికే తయారు చేశారు. పని ఎలా ఉంటుందంటే, రాత్రి 8 గంటలకు షిఫ్ట్ మారుతున్న సమయంలో తలకు దెబ్బతగిలి రక్తం కారుతున్న కుర్రాడిని పది మంది మోసుకొస్తారు, అందరూ అరుస్తుంటారు. అదే సమయంలో ఒక పెద్దాయన మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ‘గ్యాస్ పట్టేసిందమ్మా’ అంటాడు. చొక్కా చెమటతో తడిసి ఉంటుంది, చెయ్యి దవడ మీద ఉంటుంది. కుర్రాడు మాట్లాడుతున్నాడు, పేరు చెబుతున్నాడు, గాయం మీద గాజ్ గుడ్డ పెట్టి నొక్కితే రక్తం తగ్గుతోంది. ముందు ఈసీజీ తీయాల్సింది పెద్దాయనకి, అదీ పది నిమిషాల్లోపు. ఆ మాట అని ఆయన్ని లోపలికి పంపే అధికారం సిస్టర్‌కి ఉండాలి. లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకే ముందు వైద్యం అందుతుంది.

ఎమర్జెన్సీ మెడిసిన్‌ని పీజీ స్పెషాలిటీగా భారత వైద్య మండలి గుర్తించింది 2009లో. అప్పట్నుంచి డాక్టర్ల వైపు ఒక దారి పడింది. నర్సులకీ ఎమర్జెన్సీ, డిజాస్టర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. అది చదివినవాళ్లని ఎమర్జెన్సీలోనే ఉంచాలని, అందుకు తగ్గ జీతం ఇవ్వాలని గట్టి నియమం లేనప్పుడు ఎవరు చదువుతారు? ఆస్పత్రుల నాణ్యతకిచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం కార్పొరేట్ ఆస్పత్రులు ట్రయాజ్ టేబుల్ పెట్టాయి, మంచిదే. అక్కడ అనుభవం సంపాదించిన నర్సులు ఆ జీతాలకి నిలవలేక గల్ఫ్‌కో, లండన్‌కో వెళ్లిపోతున్నారు.

ఇక్కడే సంఖ్యల సంగతి వస్తుంది. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. వార్డులో ఎన్ని బెడ్లో ముందే తెలుసు కాబట్టి అక్కడ లెక్క వేయొచ్చు. క్యాజువాలిటీకి ఎంతమంది వస్తారో ఎవరికీ తెలియదు. జీతాల విషయంలో 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రులు ప్రభుత్వ జీతంతో సమానంగా, 50 లోపు పడకలున్నవి కూడా కనీసం నెలకు 20,000 రూపాయలు ఇవ్వాలంది. అమలు రాష్ట్రాలకి వదిలేశారు.

కోవిడ్‌లో గాంధీ ఆస్పత్రి పూర్తిగా ఆ కేసులకే కేటాయించినప్పుడు, పీపీఈ కిట్లలో గంటల తరబడి నిలబడ్డవాళ్లలో ఔట్‌సోర్సింగ్ నర్సులు ఎందరో. ఉద్యోగ భద్రత కోసం వాళ్లు రోడ్డెక్కింది కూడా ఆ 2020లోనే. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇవ్వడం నిజంగా పెద్ద అడుగు. దాడుల నుంచి రక్షణకు 2008 నాటి చట్టం ఉంది, మూడేళ్ల వరకు జైలు. అయినా కోపంతో ఉన్న బంధువులకి ముందు ఎదురయ్యేది గుమ్మం దగ్గర నిలబడ్డ సిస్టరే, ఆ టెన్షన్ ఏ రాత్రీ తప్పదు.

1947 చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 2020 జులైలో వాననీళ్లు వార్డుల్లోకి వచ్చాక ఖాళీ చేసిన ఉస్మానియా పాత భవనానికి బదులుగా గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కొత్త చట్టం కింద నిబంధనలు రాసేవాళ్లు, కొత్త ఎమర్జెన్సీకి పోస్టులు మంజూరు చేసేవాళ్లు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ట్రయాజ్ నర్సు అనే పోస్టుని మూడు షిఫ్టులకీ విడిగా చూపించాలి, రొటేషన్ నుంచి తప్పించాలి, ఎవర్ని ముందు లోపలికి పంపాలో ఆమె చెప్పిన మాటే చెల్లుతుందని జీవోలో రాయాలి.