పదో రోజుకూ నిలిచే నియమం: పిల్లల సెల్‌ఫోన్‌పై అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో ఫోన్లు ఎక్కడెక్కడ దాస్తారో అడిగితే నేను తడుముకోకుండా చెప్పగలను. బియ్యం డబ్బా, బీరువాలో పట్టుచీరల మడతలు, దేవుడి పటాల వెనక, స్కూటీ డిక్కీ. విజయవాడలో పిల్లల మనస్తత్వ నిపుణురాలిగా పన్నెండేళ్లుగా వింటున్న చోట్లివి. వీటిలో పిల్లలకు తెలియనిది ఒక్కటీ లేదు. "మా అమ్మకు కొత్త చోటు దొరకాలంటే మేం ఇల్లు మారాలండీ" అన్నాడు ఓ ఆరో తరగతి పిల్లాడు, చాలా మామూలుగా.

దాచడం తప్పని నేననను. కాకపోతే అది ఎలా నడుస్తుందో చూడండి. మార్కులు తగ్గాయని సోమవారం దాచారు. బుధవారం చుట్టాలొచ్చారు, వాళ్ల ముందు గోల చేస్తాడని తీసిచ్చారు. శుక్రవారం మళ్లీ కోపమొచ్చి లాక్కున్నారు. ఆదివారం అమ్మకు కాసేపు నడుం వాల్చాలనిపించి మళ్లీ ఇచ్చారు. ఆ వారమంతా పిల్లాడు నేర్చుకున్నది పెద్దవాళ్ల మూడ్ కనిపెట్టడం ఒక్కటే. నా దగ్గరికొచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. మిగతావి ఈ కింది అపోహల దగ్గర.

అపోహ: రోజుకు ఎన్ని గంటలో చెబితే చాలు

అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి అంకెలు చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా దాదాపు ఇదే చెబుతుంది. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రోజుకు రెండు గంటల లోపు అంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకు ఆ సంఘం ఇచ్చిన మినహాయింపు ఒకటుంది: బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్. డల్లాస్‌లో ఉన్న మనవణ్ని తెనాలిలో ఉన్న అమ్మమ్మ ఫోన్లో పలకరిస్తే కంగారు పడక్కర్లేదు.

పదేళ్లు దాటాక మాత్రం అలాంటి ఒక్క అంకె లేదు. ఈ మాట చెప్పగానే తల్లిదండ్రుల ముఖాలు వాడిపోతాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా అంతకుముందు చెబుతూ వచ్చిన రెండు గంటల లెక్కను పెద్ద పిల్లల విషయంలో 2016లో పక్కన పెట్టింది. అందుకే నేను గంటలు తర్వాత అడుగుతాను. ఫోన్ దేన్ని తినేసిందో ముందు అడుగుతాను. నిద్రనా? సాయంత్రం ఆటనా? అన్నం దగ్గర కబుర్లనా? ఆదివారం నాన్న పక్కన కూర్చుని గంటన్నర క్రికెట్ చూసిన పిల్ల గురించి నాకు బెంగ లేదు. రాత్రి పదకొండింటికి దుప్పట్లో అరగంట రీల్స్ చూసే పిల్ల గురించి ఉంది. ఆ అరగంట అరగంటతో ఆగదు, మర్నాడు స్కూల్లో రెండో పీరియడ్ దాకా సాగుతుంది.

ఒక్క నియమమే పెట్టగలమంటే ఏది పెట్టమంటారని అడిగేవాళ్లకు నా జవాబు: రాత్రి పూట ఫోన్ పిల్లలు పడుకునే గదిలో ఉండకూడదు. అలారం కోసం కావాలంటారు. అలారం గడియారం కొనివ్వండి.

అపోహ: ఫోన్ ఆపితే ఇల్లు పీకి పందిరేస్తున్నాడు, అంటే ఈ పద్ధతి మావాడికి పనికిరాదు

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

టీవీ రిమోట్‌లో బ్యాటరీ అయిపోతే ఏం చేస్తాం? వెంటనే పక్కన పడేయం. ముందు గట్టిగా నొక్కుతాం. అరచేతిలో రెండు దెబ్బలు కొడతాం. మూత తీసి బ్యాటరీలు అటూ ఇటూ తిప్పుతాం. ఇవన్నీ అయ్యాకే వదిలేస్తాం. పిల్లల మారాం కూడా అంతే. ఇన్నాళ్లూ ఏడిస్తే వచ్చిన ఫోన్ ఇవాళ రాలేదంటే ఏడుపు ముందు పెరుగుతుంది. కొత్తగా కంచం తోసేయడం, తలుపు వేసుకోవడం కూడా రావచ్చు. అంటే మీ నియమం పిల్లాడికి తగిలిందని అర్థం. ఆ తర్వాతే తగ్గుతుంది, అదీ మీరు నిలబడితేనే.

నాలుగో రోజు రాత్రి అరుపులు తారస్థాయికి వెళ్లినప్పుడు "సరే, ఈ ఒక్కసారికి" అన్నారనుకోండి. ఎంత గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందో మీరే కొలిచి చూపించినట్టు. రేపటి ఏడుపు ఆ మెట్టు మీదే మొదలవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలు, పావురాలతో చేసిన ప్రయోగాల కాలం నుంచి మా శాస్త్రంలో పాతుకుపోయిన సంగతి ఇది. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజ ఆగిపోతే తొందరగానే పొడవడం మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి దొరికిన పావురమే అలా పొడుస్తూ ఉంటుంది. రీల్స్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి. పదింటిలో ఒకటి నచ్చుతుంది, అది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి వేలు ఆగదు. "ఈ ఒక్కసారికి" అన్న ప్రతిసారీ మన ఇంట్లో మనమే ఒక రీల్ నడుపుతున్నాం.

కాబట్టి మీరు బాగా అలిసిపోయిన రోజున కూడా నిలబెట్టుకోగల నియమమే పెట్టండి. షాపు కట్టేసి రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చే నాన్న "సాయంత్రం ఆరు నుంచి ఫోన్ బంద్" అంటే దాన్ని కాపలా కాసేది అమ్మ ఒక్కతే. అది వారం నడవదు. పెద్ద నియమాలు ఐదు పెట్టి పదో రోజుకు అన్నీ వదిలేసే ఇంటికంటే, చిన్న నియమం ఒక్కటి పెట్టుకుని పదో రోజు కూడా పాటించే ఇల్లు నాకు ఇష్టం.

ఇంకో రెండు మాటలు. నియమం గొడవ మధ్యలో పుట్టకూడదు. అందరూ కడుపు నిండా తిని ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పాలి. ఆపమనేటప్పుడు ఆగడానికి ఒక గట్టు చూపించాలి. ఆట మధ్యలో లాక్కుంటే పెద్దవాళ్లకైనా కోపమొస్తుంది. "ఈ మ్యాచ్ అయ్యాక", "ఈ వీడియో అయ్యాక" అనండి. యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేయండి, లేకపోతే ఆ గట్టే కనిపించదు.

ఒక జాగ్రత్త. ఫోన్ తీసుకున్నందుకు పిల్లలు తమను తాము గాయపరుచుకున్నా, చచ్చిపోతానన్నా "బెదిరిస్తున్నాడు" అని కొట్టిపారేయకండి. వంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: ఫోన్ పెట్టకపోతే ముద్ద దిగదు

ఏడాది నిండాక పిల్లల ఎదుగుదల వేగం తగ్గుతుంది, దాంతో ఆకలీ తగ్గుతుంది. ఇది సహజం. కానీ ఇంట్లో అప్పుడే హడావిడి మొదలవుతుంది. పక్కింటి బాబుతో పోలికలు, నానమ్మ బెంగ, చివరికి ఫోన్. తెర చూస్తూ నోరు తెరిచే బిడ్డకు ఆకలీ తెలియదు, కడుపు నిండిన సంగతీ తెలియదు. అది తినడం అనిపించుకోదు, మనం గొంతులో కూరుతున్నాం అంతే.

కింద అందరితో కలిపి కూర్చోబెట్టండి. చేత్తో పిసుక్కోనివ్వండి, మీద పోసుకోనివ్వండి. అరగంటలో కంచం తీసేయండి. మధ్యలో బిస్కెట్లు, పాల సీసా ఆపండి. కొన్ని పూటలు తక్కువ తింటాడు. బరువు తగ్గుతుంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: ఫోన్ చూసే మావాడికి ఆటిజం వచ్చింది, ఫోన్ ఆపితే పోతుంది

"వర్చువల్ ఆటిజం" అనే మాట ఈమధ్య ప్రకటనల్లో, వీడియోల్లో తెగ తిరుగుతోంది. మేం రోగనిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో కానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కానీ ఆ పేరుతో ఏ జబ్బూ లేదు. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించింది, అందులో జన్యువుల పాత్ర పెద్దది. రోజంతా తెర ముందున్న బిడ్డకు మాటలు ఆలస్యం కావచ్చు, ఎందుకంటే ఆ సమయంలో ఇంట్లో ఎవరూ వాడితో మాట్లాడటం లేదు. ఈ రెండూ ఒకటి కావు.

ఈ అపోహ రెండువైపులా దెబ్బ కొడుతుంది. తల్లి "నేనే ఫోన్ ఇచ్చి చెడగొట్టాను" అని కుమిలిపోతుంది. నాకు ఇంకా బాధ కలిగించేది రెండోది. నిజంగా ఆటిజం ఉన్న బిడ్డకు ఫోన్ ఆపేసి, మాటలు వస్తాయని ఏడాది ఎదురుచూస్తారు. ఆ ఏడాది చాలా విలువైనది. ఏడాదిన్నర వయసులో పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావలసింది వేలితో చూపించకపోయినా ఫోన్ ఆపండి, అదే వారంలో డాక్టర్‌నూ కలవండి. వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. చాలా జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రం ఉంది. అక్కడ ఈ పరీక్షలకు డబ్బు కట్టనక్కర్లేదు.

అపోహ: కంట్రోల్ యాప్ పెట్టేశాం, ఇక భయం లేదు

ఫ్యామిలీ లింక్ లాంటివి మంచివే. కానీ అవి పిల్లలకు సొంత ఫోన్, సొంత అకౌంట్ ఉన్న ఇళ్ల కోసం తయారైనవి. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది వేరు. పిల్లాడి చేతిలో ఉండేది నాన్న ఫోన్. అందులో నాన్న యూట్యూబ్, నాన్న వాట్సాప్ గ్రూపులు, నాన్న ఫోన్‌పే. ఆ ఫోన్‌లో పిల్లాడు కూడా నలభై ఏళ్ల మనిషే. యూట్యూబ్ వాడికి నలభై ఏళ్ల వాళ్లకు చూపించేదే చూపిస్తుంది.

ఇలాంటి ఇంటికి నేను చెప్పేది చాలా చిన్న పని. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది. ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్. బయటికి రావాలంటే లాక్ అడిగేలా పెట్టి, ఒక యాప్‌ను పిన్ చేసి ఇస్తే లాక్ తెలియకుండా బయటికి రాలేరు. ప్లే స్టోర్‌లో ఏది కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. గేమ్‌లో డైమండ్లు కొన్న సంగతి బ్యాంకు మెసేజ్ వచ్చాక తెలుసుకున్న నాన్నలను చాలామందిని చూశాను.

ఇంత చేసినా దారులుంటాయి. నిద్రపోతున్న అమ్మ వేలికి ఫోన్ ఆనించి ఫింగర్‌ప్రింట్ లాక్ తీసిన పాప కథ విని నేను నవ్వాపుకోలేకపోయాను, అది వృత్తిధర్మం కాదని తెలిసినా. ఆ వేలు ఎందుకు కావాల్సి వచ్చిందో పాపను అడిగింది మాత్రం నేనే, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ అడగలేదు. క్లాసులో అందరూ ఒక గ్రూపులో ఉన్నారు, తను లేదు. ఆ బాధకు ఏ యాప్‌లోనూ సెట్టింగ్ లేదు.

అపోహ: చదువు కోసమేగా చూస్తోంది

కొంతవరకు నిజమే. హోంవర్క్ వాట్సాప్‌లో పంపే స్కూళ్ల మీద నాకూ కోపమే. అయితే పల్లె పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక చూడండి. పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. హోంవర్క్‌ను అమ్మో నాన్నో కాగితం మీద రాసిస్తే రెండు నిమిషాలు. ఫోనిస్తే గంట.

అపోహ: బ్లూ లైట్ కళ్లద్దాలు పెట్టించాం

వాటితో కళ్ల అలసట తగ్గుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. పిల్లలకు దూరపు చూపు తగ్గకుండా కాపాడేవాటిలో బాగా రుజువైనది ఆరుబయట గడిపే సమయం. తైవాన్ 2010 నుంచి స్కూలు పిల్లల్ని రోజుకు రెండు గంటలు బయటికి పంపే కార్యక్రమం నడుపుతోంది. అద్దాలకు పెట్టే డబ్బుతో షటిల్ బ్యాట్లు వస్తాయి.

అపోహ: ఇంటర్‌లో హాస్టల్లో వేస్తే వాడే దారికొస్తాడు

హాస్టల్లో ఫోన్ ఉండదు, నిజమే. సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లాణ్ని చూడండి. బ్యాగు దించకుండానే ఛార్జర్ వెతుకుతాడు. ఫోన్ లేనిచోట ఉండటం, చేతిలో ఫోన్ ఉన్నా పక్కన పెట్టడం వేర్వేరు విద్యలు. రెండోది నేర్పే చోటు ఇల్లే.

అపోహ: మేం పెద్దవాళ్లం, మాది పని

నిజంగా పనే అయితే ఆ మాట పేరు పెట్టి చెప్పండి. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే ఒకాయన ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఫోన్లన్నీ హాల్లో వెదురు బుట్టలో వేయాలని రాసుకున్నారు. ఆయన ఫోన్ ఆపడానికి లేదు, గాలివాన వస్తే పిలుపొస్తుంది. ఆ కుటుంబం నా ముందే గంటసేపు వాదించుకుని ఒక వాక్యం ఖాయం చేసుకుంది: "నాన్న ఫోన్ మోగితే ఎత్తొచ్చు, మోగకపోతే చూడకూడదు." ఎనిమిదో తరగతి అమ్మాయి దాన్ని తన చేత్తో రాసి ఫ్రిజ్‌కు అంటించింది.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి నా దగ్గరకు ఫిర్యాదుతో వచ్చింది. నాన్న ఫోన్ మోగకుండానే బాత్రూంలోకి తీసుకెళ్లాడట, ఐపీఎల్ స్కోరు కోసం. ఆయన తల దించుకుని ఒప్పుకున్నాడు. మర్నాటి రాత్రి ఎనిమిదిన్నరకే ఆయన ఫోన్ బుట్టలో పడిందని, శిక్ష వేసింది ఆ అమ్మాయి చెల్లెలని తర్వాత తెలిసింది.