తుంటి మళ్లీ మళ్లీ జారితే

తిరుపతి బైపాస్‌లో బండి తగిలిన కుక్క మూడు కాళ్ల మీద కుంటుతూ ఇల్లు చేరుతుంది. ఒక్కోసారి పైకి గాయమే కనిపించదు. వెనక కాలు ఒకటి పొట్టిదైనట్టు ఉంటుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది. తుంటి కీలు జారితే ఇలాగే కనిపిస్తుంది. పుత్తూరు కట్టు పేరు వింటూ పెరిగిన వాళ్లం కదా, మనకు ముందు తట్టేది కట్టే. కానీ మామూలు కట్టు తుంటిని పట్టి ఉంచలేదు. పైగా దాని బరువుకు కీలు మరింత ఇబ్బంది పడుతుంది.

తొడ ఎముక గుండ్రటి తల కటి ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. లోపల ఒక పొట్టి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ), కీలు చుట్టూ తొడుగు, పైన కండరాలు దాన్ని కదలకుండా కాస్తాయి. దెబ్బకు లిగమెంట్ తెగి, తొడుగు చిరిగితే తల చాలాసార్లు ముందుకీ పైకీ జారుతుంది. డాక్టరు పిరుదు ఎముకకూ తొడ ఎముక పైమొనకూ మధ్య బొటనవేలు పెట్టి కాలు బయటికి తిప్పి చూస్తారు. కీలు బాగుంటే ఆ సందు మూసుకుపోయి వేలిని నెట్టేస్తుంది. జారి ఉంటే వేలు అక్కడే ఉండిపోతుంది. అయినా ఎక్స్‌రే తీయాల్సిందే. గుంట అంచు విరిగినా, ఎదుగుదలలోనే గుంట లోతు తక్కువైనా వైద్యం దారి మారిపోతుంది.

మొదటి కొద్ది రోజుల్లోనే తీసుకెళ్తే మత్తిచ్చి, కోత లేకుండా తలను గుంటలోకి ఎక్కిస్తారు. కాలు మడిచి ప్రత్యేకమైన కట్టు వేసి 10 నుంచి 14 రోజులు ఉంచుతారు. ఇలా ఎక్కించినవాటిలో సగం దాకా మళ్లీ జారతాయి. అప్పుడు కూడా ఆపరేషన్ వద్దు, ఇంకోసారి ఎక్కించండని డాక్టరును బతిమాలడం ఆ మూగజీవికి చేసే మేలు కాదు. జారిన ప్రతిసారీ ఎముక తల మీది మృదులాస్థి, అంటే నున్నటి మెత్తని పొర, దెబ్బతింటుంది. రోజులు గడిచేకొద్దీ కండరాలు బిగుసుకుపోతాయి.

కీలు బాగుంటే దాన్ని నిలబెట్టే ఆపరేషన్ చేస్తారు. చిరిగిన తొడుగును కుట్టి, బలమైన దారాన్ని తొడ ఎముక మెడ గుండా, గుంట గుండా లాగి, అవతల చొక్కా గుండీలా ఒక చిన్న లోహపు ముక్కతో ఆపుతారు. చుట్టూ గట్టి కణజాలం పెరిగేదాకా తెగిన లిగమెంట్ పని ఆ దారమే చేస్తుంది.

కీలు పాడైపోతే తొడ ఎముక తలను, మెడను కోసి తీసేస్తారు. వినగానే టెన్షన్ పుడుతుంది గానీ, పిల్లులూ 20 కిలోల లోపు కుక్కలూ చాలావరకు చక్కగా నడుస్తాయి. కండరాలు, పీచు కణజాలం కలిసి అక్కడ కొత్త కీలులా పనిచేస్తాయి. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కలకు కృత్రిమ తుంటి మంచిదే, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

ఇంటికొచ్చాక జాగ్రత్తలు దారం వేసే ఆపరేషన్‌కూ, ఎముక తల తీసే ఆపరేషన్‌కూ పూర్తిగా వేరు. దారం వేసినదాన్ని కొన్ని వారాలు మెట్లు ఎక్కనివ్వకూడదు, నున్నటి టైల్స్ మీద పరుగెత్తనివ్వకూడదు. ఎముక తల తీసేసినదాన్ని మాత్రం నొప్పి మందులు ఇస్తూ త్వరగా నడిపించాలి, లేకుంటే కాలు బిగుసుకుపోతుంది. 1955లో మొదలైన తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లినా, మీ వీధిలోని డాక్టరు దగ్గరికే వెళ్లినా, ఏ ఆపరేషన్ చేశారో, ఎప్పటినుంచి నడిపించాలో ఇంటికి బయల్దేరేముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.