మెయిల్ మీది తేదీ ఎవరి గడియారం వేసింది?

జనవరిలో ఓ సాయంత్రం సరిగ్గా 4 గంటలకు, ఒడిశా రాయగడలోని ఒక నెట్ సెంటర్ నుంచి మా మేనకోడలి దరఖాస్తు మెయిల్ చేశాం. గడువు 5 గంటల వరకు. వారం తర్వాత ఆ ఆఫీసు నుంచి జవాబు: మీరు మర్నాడు తెల్లవారుజామున 5.30కి పంపినట్టుంది, తీసుకోలేం. పిల్ల ఒకటే ఏడుపు. పంపినప్పుడు పక్కనే ఉన్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కంప్యూటర్ గడియారం మన టైమే చూపిస్తోంది. టైమ్ జోన్ మాత్రం అమెరికా పశ్చిమ తీరానిది. ఎవరో జోన్ మార్చకుండా టైమ్ ఒక్కటే సరిచేశారు. సెంటర్ వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ మెయిల్ మీది తేదీ వరుసలో 16:00 పక్కన -0800 అని, అంటే గ్రీన్‌విచ్ కన్నా 8 గంటలు వెనక అని వేసింది. ఆ లెక్కన గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి, మనకు 5.30. పదమూడున్నర గంటలు ముందుకు పోయింది.

ఈ తేదీ వరుసది యాభై ఏళ్ల కథ. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి మెయిల్ పంపారు. 1973 సెప్టెంబరులో ఆయనతో కలిపి నలుగురు, ఎవరు పంపారు, ఎప్పుడు, ఏ విషయం అన్న వరుసలకు ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్ వాళ్లలో ఒకరు. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రమాణంలో జోన్ పేర్లంటే గ్రీన్‌విచ్, అమెరికావే. మన భారత కాలమానం, ఐఎస్టీ, లేదు. ఉన్నా చిక్కే, ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లదీ అదే పొట్టి పేరు. మనకు మిగిలిన దారి అంకెలు: +0530, అంటే గ్రీన్‌విచ్ కన్నా అయిదున్నర గంటలు ముందు. 2001 సవరణ అందరినీ అంకెలే రాయమంది.

ఆ +0530 మాకు పరాయిది కాదు. 1906 జనవరి 1న మొదలైన ఈ టైమ్‌కు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం జయపురానికి కాస్త పడమరగా, మా పాత కోరాపుట్ జిల్లా మీదుగానే వెళ్తుంది.

తేదీ వరుస రాసేది పంపే యంత్రం. ఉత్తరం లోపల మనం వేసే తేదీ లాంటిదది. పోస్టాఫీసు ముద్రలు వేరే ఉంటాయి: దారిలో ప్రతి సర్వరూ తన టైమ్‌తో 'రిసీవ్డ్' అనే వరుస పైన చేరుస్తుంది. అందుకే వాటిని కింది నుంచి పైకి చదవాలి. సర్వర్లు సాధారణంగా 1985లో డేవిడ్ మిల్స్ రాసిన ఎన్‌టీపీ పద్ధతితో గడియారాలు సరిచూసుకుంటాయి కాబట్టి నేను నమ్మేది ఆ ముద్రలనే. 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్ కూడా, వేరే ఒప్పందం లేకపోతే, సందేశం పంపినవారి అదుపు దాటి బయటి కంప్యూటర్‌లోకి ఎప్పుడు చేరిందో అదే పంపిన సమయమంటుంది.

అదృష్టం కొద్దీ ఒక కాపీ మా తమ్ముడి జీమెయిల్‌కూ పెట్టాం. ఈ వరుసలన్నీ చూపే 'షో ఒరిజినల్' నొక్కితే, జీమెయిల్ సర్వర్ వేసిన 'రిసీవ్డ్' వరుసలో 02:31 -0800 అని కనిపించింది. మళ్లీ అదే -0800 చూసి టెన్షన్ పడ్డాను. కానీ ఈసారి గడియారం, జోన్ రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. పదమూడున్నర గంటలు కలిపితే సాయంత్రం 4.01. ఆ పేజీ అచ్చు తీసి పట్టుకెళ్లాం, మీ సర్వర్ వేసిన వరుస కూడా చూడండని అడిగాం. చూశారు, దరఖాస్తు తీసుకున్నారు.